మొదటి నీళ్లు

రాయమల్లు తన బట్టీని తన చేత్తోనే పగలగొట్టాడు.

ఆదిలాబాదులో బొంబాయి పత్తి సేట్లు కలిసి కట్టించిన ప్రసూతి ఆస్పత్రి వెనక, రేకుల షెడ్డులో ఉండేది బట్టలు ఉడకబెట్టే ఆ బట్టీ. ఆస్పత్రి తెరిచిన కొత్తలో అతని తండ్రి మట్టి పిసికి కట్టిన పొయ్యి, దాని మీద రెండు రాగి కాగులు. గడ్డపార దెబ్బకు ఇటుకలు లేస్తుంటే ఏళ్లనాటి బూడిద ఎగిసి అతని మీసాల మీద పడింది. మేనేజరు శేషగిరిరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. బొంబాయి నుంచి వచ్చే బట్టలుతికే మిషను సరిగ్గా అక్కడే కూర్చుంటుందని, దాని మీద ఆపరేటరు రాయమల్లేనని, ఆస్పత్రి వెనక ఒంటిగది క్వార్టరు కూడా ఇప్పిస్తానని చెప్పాడు. అది నలుగురి ముందు అన్న మాట. రాయమల్లు గడ్డపార మరింత గట్టిగా దించాడు.

ఇంటికి వెళ్లి చెబితే అతని పెళ్లాం ఐలవ్వ సంతోషపడలేదు. పళ్లెంలో జొన్న గటక పెడుతూ, మాట ఇచ్చినాయన ఇప్పటిదాకా ఏ మాట మీద నిలబడ్డాడో ఒక్కటి చెప్పమంది.

"నీకన్నీ అనుమానాలే," అన్నాడు రాయమల్లు.

"బట్టీ ఉంటే నాకు అనుమానం లేకుండె."

మిషను వచ్చింది. జిన్నింగు మిల్లు లారీలో, గడ్డి మధ్య పడుకోబెట్టి తెచ్చారు. ఈనిన బర్రె పట్టేంత డ్రమ్ము, దానికి గుండ్రటి ఇనుప తలుపు, పక్కన పత్తి కట్టెతో మండే బాయిలరు. దానితోపాటు కులకర్ణి అనే బొంబాయి మిస్త్రీ దిగాడు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ నోట్లో పోకచెక్క నములుతూ ఉండేవాడు. అతనికి తెలుగు రాదు. రాయమల్లుకు మరాఠీ సంతలో నేర్చుకున్నంత వచ్చు. ఇద్దరికీ అది సరిపోయింది.

మిషను పక్కన ఒక పెట్టె ఉంది. కులకర్ణి దాని మూత తీసి చూపించాడు. లోపల రోకలంత లావున గుండ్రటి ఇనుప దిమ్మ ఒకటి. దాని మీద చెప్పు తోలంత మందాన ఒక నల్ల రేకు చుట్టాలి. మిషను నడుస్తున్నంతసేపూ ఆ దిమ్మ కంటికి కనపడనంత నెమ్మదిగా తిరుగుతుంది. పైన వరసగా ఇనుప వేళ్లున్నాయి. రేకులో ఎక్కడ గాటు వస్తే అక్కడ ఒక వేలు కిందికి పడుతుంది. ఒక వేలు పడితే చల్లనీళ్లు వదులుతుంది, ఇంకో వేలు పడితే ఆవిరి, ఇంకోటి సోడా, చివరిది మురికి నీళ్లు బయటికి. గాటు పొడుగును బట్టి ఎంతసేపన్నది. గాటు లేనిచోట వేలు పైనే ఉంటుంది, ఏమీ జరగదు.

బొంబాయి నుంచి రేకులు ఖాళీగానే వచ్చాయి. ఏ ఊరి నీళ్లు ఏ తీరు, ఏ బట్టకు ఏ మురికి అన్నది కంపెనీకి తెలియదు కాబట్టి గాట్లు ఇక్కడే కోయాలి. కులకర్ణి ఇక్కడి నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మాడు. అవి సున్నపు నీళ్లు. సబ్బు విరుగుతుందని చేత్తో సైగ చేసి, మీరేం చేస్తారని రాయమల్లును అడిగాడు.

రాయమల్లు చెప్పాడు. ముందు సోడా, అది కరిగాకే సబ్బు. డాక్టరమ్మల కోట్లకు గంజి చివర. పురిటి బట్టలు మాత్రం వేరే. వాటికి మొదటి నీళ్లు చల్లవి, వాటిలో ఏమీ కలపకూడదు. పారబోసి మళ్లీ చల్లవి. నెత్తురు వదిలి నీళ్లు తేటపడ్డాకే సోడా. ఉడుకు ఆ తర్వాత. ముందే ఉడుకు తగిలితే పచ్చి నెత్తురు నూలులో ఉడికి కూర్చుంటుంది. ఇక బండకేసి బాదినా, ఎండకేసినా పోదు.

కులకర్ణి ఉలిలాంటి చిన్న పనిముట్టు అతని చేతికిచ్చాడు. మొదటి రేకు ఇద్దరూ కలిసి కోశారు. రెండోది రాయమల్లు కోస్తుంటే కులకర్ణి చూశాడు. పురిటి బట్టల రేకు కోసేనాటికి కులకర్ణి షెడ్డు బయట నీడలో పడుకుని నిద్రపోయాడు. ఆ రేకుతో నడిపిన మొదటి దఫా దుప్పట్లు విప్పి వెలుతురుకు పట్టుకుని, "శాబాస్ రాయమల్లూ భావూ," అని మరాఠీలో అన్నా అని పిలిచాడు.

ఆ రోజుల్లోనే మేనేజరు హనుమండ్లు అనేవాణ్ణి షెడ్డులోకి పంపించాడు. ఆస్పత్రి క్యాషియరు బామ్మర్ది. ఏడో తరగతి దాకా చదివి, మూడు కొలువులు మానేసిన మనిషి. మూటలు ఎత్తడానికి సాయం అన్నారు. హనుమండ్లు మూటలు ఎత్తలేదు గానీ ప్రతిదానికీ "గిదెందుకే మల్లన్నా?" అని అడిగేవాడు. ఏ రేకు ఏ బట్టకు, బాయిలరు ముల్లు ఎక్కడుంటే తలుపు తీయొద్దు, బెల్టు జారితే ఏం చేయాలి, అన్నీ. తన కింద పని చేయబోయేవాడు గదా అని రాయమల్లు అన్నీ చెప్పాడు. చెప్పడంలో అతనికి కొంత గర్వం కూడా ఉంది. చాకలివాడలో బయటివాళ్లకు పని నేర్పిన మనిషి అంతకు ముందు లేడు. ఎవరూ అడగలేదు మరి.

కులకర్ణి రైలెక్కిన మర్నాడు ఆపరేటరు వేసుకునే ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు కుట్టి వచ్చాయి. అవి హనుమండ్లు కొలతకు కుట్టినవి.

రాయమల్లు మేనేజరు గది ముందు చెప్పులు విడిచి లోపలికి పోయాడు. శేషగిరిరావు కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నచ్చజెప్పే గొంతుతో మాట్లాడాడు.

"ఆపరేటరంటే టెక్నికల్ పోస్టురా. బొంబాయిలో ఉన్న సేట్లకి నేనేమని రాయను? ఇంత ఖర్చుపెట్టి తెప్పించిన మిషన్ మీద చాకలివాణ్ణి కూర్చోబెట్టానని రాయనా?"

"బట్టలుతికేటి మిషినే గద సారు."

"అందుకే. చాకలివాడే కావాలనుకుంటే మిషనెందుకు కొంటారు?"

 మిషనుకు ఉతకడం నేర్పింది చాకలివాడేనన్న జవాబు రాయమల్లుకు బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ ఉండగా తట్టింది. కానీ అప్పటికి లోపల టెలిఫోను మోగుతోంది.

*

రెండ్రోజులు గడవకముందే ఆస్పత్రిలో గొడవ మొదలైంది. అది ఎవరూ అనుకోని చోట మొదలైంది.

బాలింతకు నీళ్లు పోసి పురుడు దించే రోజున చాకలి చేతి మీదుగా వచ్చిన బట్ట కట్టుకుంటేనే మైల పోతుంది. అది ఇంటిదగ్గరైనా అంతే, ఆస్పత్రిలోనైనా అంతే. ఇన్నాళ్లూ ఐలవ్వ ఉతికిన దుప్పటి, చీర మడిచి మంచం దగ్గర ఇచ్చేది. బాలింత తల్లో అత్తో దాన్ని రెండు చేతులతో అందుకుని, దోసెడు బియ్యం ఆమె కొంగులో పోసేది. ఇప్పుడు ఖాకీ నిక్కరు వేసుకున్న హనుమండ్లు బట్టలు తెచ్చి మంచాల మీద పడేసి పోయాడు. జైనథ్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఆ దుప్పటిని కర్రతో నేలకు తోసింది.

"సాకలి చెయ్యి వడకుంట మైలెట్ల పోతదే?" అని ఆయా సక్కుబాయిని అడిగింది. "గా నిక్కరోడు ఎవలు? ఆనికి మేమెందుకు బియ్యం పొయ్యాలె?"

మిగతా మంచాల వాళ్లూ అందుకున్నారు. సాయంత్రానికి నలుగురు బాలింతలు బండి కట్టించుకుని వెళ్లిపోయారు. పెద్ద డాక్టరమ్మ మేనేజరును పిలిచి మిషను ఉంటుందో, ఆస్పత్రి ఉంటుందో తేల్చమంది.

శేషగిరిరావు చాకలివాడ పెద్ద లింగమూర్తికి కబురు పంపాడు. పని ఏమీ లేదు, మిషను ఉతికిన బట్టలు వార్డులో చేత్తో అందించడమే, ఒక ఆడమనిషిని పంపమన్నాడు. లింగమూర్తి తల అడ్డంగా ఊపాడు. ఎవరు ఏ ఇంటి బట్టలు ఉతకాలో వాడలో పంచుకుని ఉన్నారు. ఆ లెక్కన ఆస్పత్రి రాయమల్లు తండ్రి నుంచి అతనికి వచ్చిన ఇల్లు. అతను వద్దనుకున్నానని కులం ముందు చెప్పేదాకా ఇంకో చాకలి దాని గడప తొక్కడు. తొక్కితే కులం తప్పు వేసి డబ్బు కట్టిస్తుంది.

ఈ సంగతి తెలిసి రాయమల్లు ఆ రోజు కడుపునిండా తిన్నాడు. ఇక మేనేజరు తన గుమ్మం ముందుకే రావాలి. వస్తే ఏమనాలో కూడా అనుకున్నాడు. ముందు ఖాకీ బట్టలు, తర్వాతే మాట.

మేనేజరు రాలేదు. సక్కుబాయి వచ్చింది. ఆమె రాయమల్లు వైపు చూడనైనా లేదు. ఐలవ్వను పక్కకు పిలిచి మాట్లాడి పోయింది. ఇల్లు మొగునిదైతే పెండ్లాముది కూడా. ఆమె గడప తొక్కితే కులం తప్పు లేదు.

"పోతవా?" అన్నాడు రాయమల్లు.

"పోత."

"ఆడు ఉతికినయి నువ్వు అందిస్తవా?"

ఐలవ్వ పొయ్యిలో కట్టె ముందుకు తోసి, మంట అందుకునేదాకా చూసింది. "ఆడు ఉతుకుతుండా? నువ్వు కోసిన రేకు ఉతుకుతుంది. నీ పనే నేను అందిస్తున్న అనుకుంట."

ఆ మాట అతనికి ఊరట కావలసింది. కాలేదు. అతను కోసిన రేకు తిరుగుతోంది, అతని తండ్రి ఇల్లు అలాగే ఉంది, అతని పెళ్లాం చెయ్యి కావాలి. వీటన్నిటి మధ్యా అతనొక్కడే అక్కరలేదు.

మర్నాడు ఐలవ్వ వెళ్లింది. ముసలమ్మలు దుప్పట్లు అందుకున్నారు. ఆమె వట్టి చేతులతో తలుపు దగ్గర కూర్చుంటుంది. హనుమండ్లు బండి మీద బట్టలు తోసుకొచ్చి ఆమె ముందు ఆపుతాడు. ఆమె లేచి ఒక్కొక్కటే తీసి మంచాల దగ్గరికి తీసుకెళుతుంది. మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఉతికే మనిషి అరచేతులు ఎప్పుడూ నాని తెల్లగా ఉంటాయి. వారం తిరిగేసరికి ఆమె అరచేతులు మామూలు రంగుకు రావడం రాయమల్లు చూశాడు. 

*

తన ఇస్త్రీ పెట్టె షెడ్డులోనే ఉండిపోయిందన్న నెపంతో రాయమల్లు పట్టపగలే ఆస్పత్రికి వెళ్లాడు. హనుమండ్లు బావ గదిలో అన్నం తింటున్నాడు. బాయిలరు సన్నగా ఈల వేస్తోంది. రేకులు మూడూ గోడకు మేకులకు వేలాడుతున్నాయి. ఉలి పెట్టె మీదే ఉంది. తుడిచి పెట్టే అలవాటు హనుమండ్లుకు లేదు.

పురిటి బట్టల రేకు తీసి మోకాలి మీద పరిచాడు. ఆవిరి వేలు నడిచే వరసలో మొదటి భాగమంతా నున్నగా ఉంది. దాన్ని అలా నున్నగా వదిలింది తనే. గాట్లు కోయడం సులువు. ఎక్కడ కోయకూడదో అదే పని. ఉలి మొన అక్కడ ఆనించి అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. నల్ల తునక ఒకటి నేల మీద పడింది. దాన్ని కాలి వేళ్లతో పట్టి బాయిలరు బొగ్గుల్లోకి నెట్టాడు. రేకు మేకుకు తగిలించి, ఇస్త్రీ పెట్టె చంకన పెట్టుకుని బయటికి వచ్చాడు.

అతని లెక్క తేలికైనది. రేపటి నుంచి పురిటి బట్టల మొదటి నీళ్లే ఉడుకుతాయి. దుప్పట్లు గోధుమ రంగు మరకలతో వస్తాయి. హనుమండ్లు సబ్బు పెంచుతాడు, సోడా పెంచుతాడు, చివరికి చేతులెత్తేస్తాడు. రేకు చదవగలిగిన మనిషి ఈ ఊళ్లో ఒక్కడే. మేనేజరు పిలవక ఏం చేస్తాడు?

పిలుపు రావడానికి రెండు రోజులు పట్టింది. అయితే అది అతనికి కాదు.

ఐలవ్వ ఇంటికి వచ్చేసరికి ఆమె నెత్తిన పెద్ద మూట ఉంది. వాకిట్లో దించి విప్పింది. దుప్పటి మీద దుప్పటి. ప్రతిదాని నడుమ ఇనుప తుప్పులాంటి మరక. వార్డులో అందరి ముందూ మేనేజరు తనను నిలబెట్టాడని చెప్పింది. మిషను దగ్గర తెల్లగా ఉన్న బట్ట మంచం దగ్గరికి వచ్చేసరికి మరక ఎలా పడుతుందన్నాడట. బియ్యం తక్కువ పోసిన వాళ్ల మీద కసితో చాకలిదే పాత మరకల గుడ్డలు కలుపుతోందని హనుమండ్లు అన్నాడట. జైనథ్ ముసలమ్మ కూడా ఆమె ముఖం చూడకుండా బియ్యం చాట వెనక్కి తీసుకుంది. ఇవన్నీ చేత్తో ఉతికి మరకలు పోగొట్టి తేవాలి. తేకపోతే ఆస్పత్రి గడప ఎక్కొద్దు.

చెప్పడం అయ్యాక ఆమె ఒక దుప్పటి అంచు పట్టుకుని మరకను బొటనవేలితో రుద్దింది. అది కదలలేదు. మళ్లీ రుద్దింది. తర్వాత మరకను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిది ఉడికిన నెత్తురు," అంది. "మొదటి నీళ్లే ఉడుకుపడ్డయి."

రాయమల్లు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

"రేకు చెడిందా? చెడగొట్టిండ్రా?"

అతను ఉలి పట్టిన అరచేతి వైపు చూసుకున్నాడు. ఆమె కూడా ఆ చెయ్యే చూసింది.

"నా చేతి పేరు చెడుతదని నీకు తట్టలేదా?"

"ఆని మీద పడుతదనుకున్న."

"మరక ఎప్పుడన్న ఖాకీ మీద పడ్డదా?" అని, ఆమె దుప్పట్లు మళ్లీ మూట కట్టడం మొదలుపెట్టింది.

*

రాయమల్లు పొద్దున్నే మేనేజరు దగ్గరికి పోయాడు. శేషగిరిరావు షెడ్డులోనే ఉన్నాడు. ఎల్లుండి సేట్లు మిషను చూడ్డానికి వస్తున్నారు. గోడలకు సున్నం వేయిస్తున్నాడు. హనుమండ్లు డ్రమ్ము తలుపు గుడ్డతో మెరిపిస్తున్నాడు.

"ఐలవ్వ తప్పేం లేదు సారు," అన్నాడు రాయమల్లు. "రేకుల ఎక్కువ గాటు కోసింది నేను. ఏం శిక్ష ఏస్తరో నాకెయ్యిండ్రి."

మేనేజరుకు ముందు అర్థం కాలేదు. రాయమల్లు మేకు మీది రేకు తీసి, ఆవిరి వరసలో మొదటి గాటు మీద వేలు పెట్టి చూపించాడు. ఈ వేలు ఇక్కడ పడుతుంది, నీళ్లు ఉడుకుతాయి, నెత్తురు పట్టేస్తుంది. ఇది నేను కోసింది. ఈ పక్కన ఉన్నవీ నేను కోసినవే, కానీ అవి సరైనవి.

"నువ్వు కోశావా?" శేషగిరిరావు రేకును అటూ ఇటూ తిప్పాడు. అతనికి అన్ని గాట్లూ ఒక్కలాగే కనిపించాయి. "బొంబాయి మిషనుకి నువ్వు గాట్లు కోశావా?"

"మూడు రేకులూ నేనే కోసిన. కులకర్ణి సారు కోయిచ్చిండు. హనుమండ్లును అడుగుండ్రి."

మేనేజరు హనుమండ్లు వైపు తిరిగాడు. హనుమండ్లుకు తెలుసు. ఆ రోజుల్లో షెడ్డులోనే ఉన్నాడు. ఉలి కింద రేకు కదలకుండా తానే పట్టుకున్నాడు కూడా. గుడ్డతో తలుపు మెరుస్తున్నచోటే ఇంకా రుద్దుతూ, "కులకర్ణి సారే కోసిండు సారు. ఈన గుడ్డలు మోసిండు," అన్నాడు.

శేషగిరిరావు నవ్వాడు. అందులో కోపం లేదు. రాయమల్లుకు అదే భరించరానిదైంది.

"పెళ్లాన్ని కాపాడుకుందామని వచ్చావు. మంచివాడివే. కానీ రాని పని చేశానంటే ఎవడు నమ్ముతాడ్రా?"

"పోలీసులకన్న ఇయ్యిండ్రి సారు."

"ఏమని చెప్పమంటావు? నన్ను నవ్వులపాలు కమ్మంటావా?"

"కొత్త రేకు ఒకటి బీరువల ఉన్నది. నాకియ్యిండ్రి. నిమిషంల కోసిస్త. మరకలు పడితే నన్ను కొట్టుండ్రి."

శేషగిరిరావు రేకును అతని చేతిలోంచి లాక్కుని హనుమండ్లుకు ఇచ్చాడు. ఇక మీదట చాకలివాళ్లెవరూ మిషను మీద చెయ్యి వేయకూడదన్నాడు. సున్నం వేసేవాడికి ఇంకో మూల చూపించాడు. తర్వాత, అప్పుడే తట్టినట్టు, తన తీర్పు చెప్పాడు. మిషనుకు పచ్చి నెత్తురు పడటం లేదు, అంతే. ఐలవ్వ రోజూ తెల్లారకముందే వచ్చి పురిటి బట్టలు వాగుకు తీసుకెళ్లి, చల్లనీళ్లలో నెత్తురంతా పిండి, తెల్లగా చేసి తేవాలి. అప్పుడు మిషను ఉతుకుతుంది. ఉతికాక ఆమె వార్డులో అందించాలి. బట్టలు అందించడం ఏమంత పని, మధ్యలో ఖాళీయే కదా. కూలి అదే. కావాలంటే రాయమల్లు వెళ్లి మూటలు మోయవచ్చు, తనకేం అభ్యంతరం లేదు.

రాయమల్లు హనుమండ్లు చేతిలోని రేకు వైపు చూశాడు. తను కోసిన తప్పుడు గాటు ఇక రోజూ తిరుగుతుంది. దాన్ని ఎవరూ మార్చరు. మార్చనక్కరలేకుండా ఐలవ్వ ముందే ఉతికి పెడుతుంది. పేరు మిషనుకు పోతుంది.

"పో, ఆలస్యమవుతోంది," అన్నాడు శేషగిరిరావు. "ఎల్లుండికి దుప్పట్లు తెల్లగా ఉండాలి."

వాగు దగ్గర ఐలవ్వ మోకాలి లోతులో నిలబడి ఉంది. మరకలు పట్టిన దుప్పట్లు ఒడ్డున రాతి మీద పడి ఉన్నాయి. వాటిని ఆమె వదిలేసింది. అవి పోవని ఆమెకు తెలుసు. సక్కుబాయి కొత్తగా తెచ్చి ఇచ్చిన పచ్చి నెత్తుటి బట్టలు నీళ్లలో ఆడిస్తోంది. మేనేజరు మాట రాయమల్లు కన్నా ముందే ఆమెకు చేరిపోయింది.

రాయమల్లు ధోవతి పైకి దోపుకుని నీళ్లలోకి దిగాడు.

"చెప్పినవా?" అంది ఐలవ్వ తలెత్తకుండానే.

"చెప్పిన. నమ్మలే."

"ఏది నమ్మలే? చెడగొట్టినవంటెనా, రేకులు కోసినవంటెనా?"

"రెండూ."

 నీళ్లు ఎర్రగా ఆమె పిక్కల చుట్టూ తిరిగి కిందికి పోయాయి. కొంత దూరంలో జాలరి ఎవరో వల సర్దుకుంటూ ఇటు చూసి, ముఖం తిప్పుకుని ఇంకా పైకి నడిచాడు.

ఐలవ్వ దుప్పటి ఒక కొస అతని చేతిలో పెట్టింది. రెండో కొస తను పట్టుకుని వెనక్కి జరిగింది. ఇద్దరూ చెరొక వైపుకు మెలి తిప్పారు. నడుమ నుంచి నీళ్లు ముందు ఎర్రగా, తర్వాత రోజా రంగులో, తర్వాత తేటగా కారాయి. అతను ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"చాలు, చినుగుతది," అంది ఐలవ్వ. "జల్ది ఇంకోటి అందుకో. హనుమండ్లు బాయిలరు ఎక్కిచ్చిండంట, ఆలస్యమైతే ఆడు ఒర్రుతడు."

రాయమల్లు వంగి నీళ్లలోంచి ఇంకో దుప్పటి తీశాడు.